"ఆ మత్తు నాకు పడదు" అన్న పేషెంటుకి శ్వాసమార్గంలో ఏ మందు వాడాలి?

"పంటి డాక్టరు సూదేసినాక గుండె దడొచ్చేసినాది బాబూ, కళ్లు తిరిగిపోనాయి. ఆ మత్తు నాకు పడదు."

విశాఖలో బ్రాంకోస్కోపీకో (సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళాలు చూసే పరీక్ష), మెలకువగా ఉండగానే గొంతులో ట్యూబు వెయ్యాల్సిన ఆపరేషన్‌కో వచ్చిన పేషెంటు ఈ మాట అనగానే కేసు షీటు మీద ఎర్ర సిరాతో "జైలోకైన్ అలర్జీ" అని పడిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ కదపరు. చిక్కంతా మన మాటలోనే ఉంది. ఒళ్లంతా దద్దుర్లొచ్చినా "పడలేదు" అంటాం, కడుపులో తిప్పినా "పడలేదు" అంటాం, సూది చూసి భయంతో కళ్లు తిరిగినా "పడలేదు" అనే అంటాం. ఈ మూడింటిలో మొదటిది తప్ప తక్కినవి అలర్జీ కావు.

ఉత్తరాంధ్రలో ఈ పొరపాటుకి వెల ఎక్కువ. తీరం వెంట అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం వల్ల అంగిట్లో వచ్చే కేన్సర్లు, గుట్కాతో నోరు బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా పట్టని కుర్రాళ్లు, వీళ్లే మెలకువలో ట్యూబు వెయ్యాల్సిన కేసుల్లో చాలామంది. ముందు నిద్రపుచ్చేస్తే మాస్కుతో ఊపిరి అందించలేకపోయే ప్రమాదం ఉన్నవాళ్లు వీళ్లు. వీళ్లకి ముక్కు, గొంతు, స్వరపేటిక తిమ్మిరెక్కించడం సౌకర్యం కోసం కాదు, ప్రాణరక్షణ కోసం. అలాంటప్పుడు ఆరా తియ్యని ఒక ఎర్ర గీత చూసి లిగ్నోకైన్ (జైలోకైన్ అన్నా ఈ తిమ్మిరి మందే) మానేస్తే, లేని అలర్జీ నుంచి కాపాడబోయి ఉన్న ఆపదలోకి తోసినట్టే.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఇలాంటి పేషెంట్లలో ఎక్కువమందికి సరైన మందు లిగ్నోకైనే. మార్చాల్సింది మందుని కాదు, సీసాని. మందే మార్చాల్సిన కొద్దిమందిని ఎలా పట్టుకోవాలి, వాళ్లకి ఏం వాడాలి అన్నది మిగతా కథ.

ముందు ఏం జరిగిందో అడగండి

"అలర్జీ ఉందా?" అని అడిగితే ఉందనో లేదనో చెప్తారు, దానివల్ల ఉపయోగం లేదు. "అమ్మా, సూది వేశాక ఎంతసేపటికి ఏమైంది? ఒంటి మీద ఏమైనా లేచాయా? ఆయాసం వచ్చిందా? ఆసుపత్రిలో ఉంచారా, ఇంటికి పంపేశారా?" అని అడగాలి.

సూది దిగుతుండగానో దిగీ దిగకముందో మొహం పాలిపోయి, చెమటలు పట్టి, పడుకోబెట్టగానే తేరుకుంటే అది భయానికి వచ్చిన మూర్ఛ. రెండు నిమిషాల్లో గుండె దడ, చేతుల వణుకు వస్తే అది మందులో కలిపిన అడ్రినలిన్ పని. దంత వైద్యంలో వాడే లిగ్నోకైన్‌లో అడ్రినలిన్ సాధారణంగా 1:80,000 పాళ్లలో ఉంటుంది, కాస్త రక్తనాళంలోకి వెళ్లిందంటే దడ రాక మానదు. చెవుల్లో హోరు, నోట్లో ఇనుప రుచి, తిక్కతిక్కగా మాట్లాడటం, ఫిట్స్ అయితే డోసు ఎక్కువైందన్నమాట. మరునాడో మూడోనాడో సూది వేసిన చోట, లేదా క్రీము రాసిన చోట మాత్రమే దురద, నీటి పొక్కులు వచ్చాయంటే అది ఆలస్యంగా వచ్చే చర్మపు అలర్జీ. ఇది నిజమే గానీ ఊపిరి ఆపేది కాదు. మొలలకి రాసే ఆయింట్‌మెంట్లు దీనికి ఎక్కువగా కారణం, వాటిలో సింకోకైన్, బెంజోకైన్ లాంటివి ఉంటాయి. మొలల మందు గురించి పేషెంటు తనంతట తాను చెప్పడు, మీరే అడగాలి.

నిమిషాల్లో, పోనీ గంటలోపు, ఒంటి నిండా దద్దుర్లు, పెదాలు, కనురెప్పలు ఉబ్బడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం వచ్చాయంటే అది అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదకి తెచ్చే అలర్జీ) అనుకునే నడవాలి. లోకల్ మందులకి (ఒక్క చోటే తిమ్మిరెక్కించేవి) "అలర్జీ" అని వచ్చినవాళ్లని పద్ధతిగా పరీక్షిస్తే ఈ రకం 1 శాతం కన్నా తక్కువే అని పాఠ్యపుస్తకాలు చెప్పేది. ఆ ఒక్కరిలో కూడా దోషి లిగ్నోకైన్ కాకపోవచ్చు. అదే రోజు వేసిన యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, తొడుక్కున్న రబ్బరు గ్లౌజులు, తుడిచిన క్లోర్‌హెక్సిడిన్, వీటన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి.

రెండు కుటుంబాలు

లోకల్ మందులు రెండు కుటుంబాలు. ప్రొకైన్, క్లోరోప్రొకైన్, టెట్రాకైన్ (మన దగ్గర పాత పేరు ఎమెథోకైన్), బెంజోకైన్, కొకైన్ ఎస్టర్లు. లిగ్నోకైన్, బ్యుపివకైన్, రోపివకైన్, ప్రిలోకైన్, సింకోకైన్ అమైడ్లు. గుర్తుకి ఒక చిట్కా ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో "ఐ" అక్షరం ఒక్కటే ఉంటే ఎస్టర్, రెండో అంతకు మించో ఉంటే అమైడ్.

ఎస్టర్లలో చాలావాటిని రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ విరగ్గొడితే పారా అమైనో బెంజోయిక్ ఆమ్లమో, దాని దగ్గరి బంధువో పుడుతుంది. అలర్జీలు తెచ్చేది అదే. ఒక ఎస్టర్ పడనివాళ్లకి మరో ఎస్టర్ కూడా పడకపోవచ్చు. అమైడ్లకి ఈ గొడవ లేదు, అవి కాలేయంలో విరుగుతాయి. లిగ్నోకైన్ 1948లో మార్కెట్లోకి వచ్చాక ఎస్టర్లు వెనక్కి పోవడానికి ఇదీ ఒక కారణం. ఎస్టర్ పడనివాళ్లకి అమైడ్ నిశ్చింతగా వాడొచ్చు. అమైడే పడనివాళ్లకి ఇంకో అమైడ్ పడొచ్చు, పడకపోవచ్చు. పరీక్షిస్తే తప్ప తెలియదు.

తెలుగునాట ఎస్టర్ల జోలికి వెళ్లేముందు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సూడోకోలినెస్టరేజ్ లోపం వైశ్య సమాజంలో ఎక్కువగా కనిపిస్తుంది, దానికి కారణమైన జన్యుమార్పుని 2006లో కోయంబత్తూరు పరిశోధకులు చూపించారు. మనకి ఇది సక్సినైల్‌కోలిన్ (ట్యూబు వేసేముందు కండరాలని సడలించే మందు) దగ్గర తెలిసిన విషయమే. ఎస్టర్ లోకల్ కూడా అదే ఎంజైమ్ మీద ఆధారపడుతుంది. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి రాక మెషీన్ మీద ఉంచారా?" అన్న ప్రశ్న ఇక్కడా అడగాల్సిందే.

సీసా మీద చిన్న అక్షరాలు

మందు పేరు చూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. అలర్జీ చేసే సరుకు చాలాసార్లు మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వార్డులో రోజూ కనబడే 2% లిగ్నోకైన్ 30 ఎంఎల్ సీసా తీసుకోండి. రబ్బరు మూత, దాని మీద పది సూదుల గాట్లు. పదిసార్లు గుచ్చినా క్రిములు పెరగకుండా ఉండాలి కాబట్టి అందులో మిథైల్ పారాబెన్ అనే ప్రిజర్వేటివ్ కలుపుతారు, మామూలుగా 0.1 శాతం, అంటే ఎంఎల్‌కి 1 మిల్లీగ్రాము. లేబుల్ మీద మిథైల్ హైడ్రాక్సీబెంజోయేట్ అని ఉన్నా అదే. దీని నిర్మాణం పారా అమైనో బెంజోయిక్ ఆమ్లానికి దగ్గరగా ఉంటుంది. "అమైడ్ అలర్జీ" అని పేరుపడ్డ కొన్ని కేసులు తీరా చూస్తే దీని ఖాతాలోవే. జెల్లీలో, విస్కస్‌లో (నోట్లో పోసుకునే చిక్కటి ద్రవం), 4% టాపికల్ ద్రావణంలో కూడా పారాబెన్లు ఉండటం మామూలే. అంటే శ్వాసమార్గానికి మనం అలవాటుగా వాడే దాదాపు ప్రతి రూపంలోనూ ఇవి పొంచి ఉంటాయి.

10% స్ప్రే సంగతి వేరు. ఒక్కో నొక్కుకి 10 మిల్లీగ్రాములు వస్తుంది. మందుతో పాటు ఆల్కహాలు, మెంథాల్, అరటిపండు ఎసెన్స్ లాంటివి, కొన్నిట్లో పాలిఇథిలీన్ గ్లైకాల్ ఉంటాయి. ఆ చివరిది నిజమైన అనాఫిలాక్సిస్ తేగలదు. కడుపు ఖాళీ చెయ్యడానికి ఇచ్చే, ఇదే సరుకు ఉన్న విరేచనాల పౌడరు తాగితే దద్దుర్లొచ్చాయని ఎవరైనా చెబితే ఆ స్ప్రే పక్కన పెట్టి ఆలోచించాలి. ఆస్తమా ఉన్నవాళ్ల గొంతులో ఆల్కహాలు మంట పుట్టించి దగ్గు తెప్పిస్తుంది, దాన్నే అలర్జీ అనుకున్న సందర్భాలు ఉన్నాయి.

అడ్రినలిన్ కలిపిన సీసాలో సోడియం మెటాబైసల్ఫైట్ ఉంటుంది. కొందరు ఆస్తమా పేషెంట్లకి సల్ఫైట్ తగిలితే ఊపిరితిత్తులు బిగుసుకుంటాయి. ఇక్కడ ఒక గందరగోళం తేల్చుకోవాలి. సల్ఫైట్ వేరు, సల్ఫా వేరు. కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మాత్ర పడనివాళ్లకి మెటాబైసల్ఫైట్‌తో పేచీ లేదు.

ఇక జెల్లీ. లిగ్నోకైన్ మానేశాం కదా అని ట్యూబుకి మామూలు లూబ్రికేటింగ్ జెల్లీ రాస్తారు. కేవై జెల్లీ పాత ఫార్ములాలో మిథైల్ పారాబెన్, క్లోర్‌హెక్సిడిన్ రెండూ ఉండేవి. దొంగకి తాళంచెవి ఇచ్చినట్టే కదా. స్కోపు జారడానికి స్టెరైల్ సెలైనో, ప్రిజర్వేటివ్ లేని లిగ్నోకైనో చాలు.

మరి ఏ సీసా? "ప్రిజర్వేటివ్ ఫ్రీ" అని రాసి ఉన్న 2% సాదా లిగ్నోకైన్. గుండె లయ తప్పినప్పుడు సిరలోకి ఇచ్చే రకం, జైలోకార్డ్ అని అందరికీ తెలిసినది, ఇదే జాతి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల మందుల షాపుల్లో "జైలో" అని అడిగితే పారాబెన్ ఉన్న సీసానే చేతిలో పెడతారు. చీటీ మీద "ప్రిజర్వేటివ్ లేనిది, అడ్రినలిన్ లేనిది, 2%" అని విడమర్చి రాసి, తెచ్చాక లేబుల్ మీరే చదవాలి. ఇందులో క్రిములని ఆపేది ఏదీ లేదు కాబట్టి ఒక పేషెంటుకి తెరిచిన సీసా ఇంకొకరికి వాడకూడదు. 50 ఎంఎల్‌లో 15 వాడి మిగతాది పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా పారబోయాల్సిందే.

"జైలో టెస్ట్" చేశాం కదా అంటే

మన వార్డుల్లో ముంజేతి చర్మంలోకి కాస్త లిగ్నోకైన్ ఎక్కించి, పెన్నుతో గీత గీసి, పావుగంటకి చూసి "ఏటీడీ" (టెస్టు డోసు అయ్యాక ఇవ్వండి) అని రాసెయ్యడం రివాజు. సమస్యలు రెండు. ఎక్కించింది పారాబెన్ ఉన్న సీసాలోది, కాబట్టి ఉబ్బినా దేనికి ఉబ్బిందో తెలియదు. పక్కన పోల్చుకోవడానికి సెలైన్ (ఉబ్బనిది), హిస్టమిన్ (తప్పక ఉబ్బేది) చుక్కలు లేవు, కాబట్టి సూది గుచ్చిన ఎరుపుకి, అలర్జీ ఎరుపుకి తేడా కనబడదు. ముందురోజు అవిల్ లాంటి అలర్జీ మాత్ర వేసుకున్నవాళ్లకి అసలు ఏమీ లేవకపోవచ్చు. ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేనివాళ్లకి ఈ పరీక్ష అనవసరం. నిజంగా ఇబ్బంది వచ్చినవాళ్లకి ఇది చాలదు.

చెయ్యాల్సిన పద్ధతి ఇది. సెట్రిజిన్ లాంటివి వారం ముందు ఆపాలి. పెద్ద రియాక్షన్ అయి ఉంటే 4 నుంచి 6 వారాలు ఆగాలి. సిర లైను, అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. ప్రిజర్వేటివ్ లేని 2% చుక్కతో ముందు ప్రిక్ టెస్ట్ (చుక్క వేసి చర్మం పైపైన గుచ్చడం), పక్కనే సెలైన్, హిస్టమిన్. 15 నుంచి 20 నిమిషాలకి సెలైన్ కన్నా 3 ఎంఎం ఎక్కువ ఉబ్బితే పాజిటివ్. లేకపోతే అదే మందుని 1:10 పలచన చేసి 0.02 నుంచి 0.05 ఎంఎల్ చర్మంలోకి. అదీ నెగటివ్ అయితే చర్మం కింద 0.1, 0.5, 1 ఎంఎల్ చొప్పున, మధ్య 20 నుంచి 30 నిమిషాలు ఆగుతూ. చివరి డోసు తర్వాత గంట కూర్చోబెట్టాలి. 1 ఎంఎల్ దాటాక ఏమీ రాకపోతే ఆ ఎర్ర గీత కొట్టెయ్యొచ్చు. ఆలస్యపు రకం అనుకుంటే ప్యాచ్ టెస్ట్ (మందు పట్టీని చర్మానికి అంటించడం), 48 గంటలకి ఒకసారి, 96 గంటలకి మరోసారి చూడాలి.

పరీక్షించే సీసా, రేపు గొంతులో వాడబోయే సీసా ఒకటే రకం అయ్యుండాలి. చెప్పడానికి చిన్న విషయమే, తప్పేది మాత్రం ఇక్కడే. టెస్టుకి మంచి సీసా తెచ్చి, థియేటర్లో జెల్లీ రాస్తారు.

మందులు పక్కపక్కన పెడితే

లిగ్నోకైన్‌కి సాటి లేదు. ముక్కు, గొంతు లోపలి పొర మీద చల్లితే 2 నుంచి 5 నిమిషాల్లో పట్టుకుంటుంది, 20 నుంచి 30 నిమిషాలు ఉంటుంది, 1% నుంచి 10% దాకా ఏ పలచనలోనైనా పనిచేస్తుంది. బ్రాంకోస్కోపీలో చల్లుకుంటూ వెళ్లడానికి 1% చాలని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ 2013 మార్గదర్శకాలు చెబుతాయి. 2% తో దగ్గు అంతకన్నా తగ్గేదేమీ ఉండదు, డోసు మాత్రం రెట్టింపవుతుంది. మెలకువలో ట్యూబు వెయ్యడానికి డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2020లో పెట్టిన గరిష్ఠ హద్దు కిలోకి 9 మిల్లీగ్రాములు, అదీ కొవ్వు లేని బరువుకి. ముసలివాళ్లకి, కాలేయం దెబ్బతిన్నవాళ్లకి, గుండె నీరసించినవాళ్లకి, ప్రోప్రనలాల్ వాడేవాళ్లకి మేమైతే అంతదూరం వెళ్లం.

లిగ్నోకైన్‌కే అలర్జీ అని పరీక్షలో తేలితే తర్వాత చూడాల్సింది రోపివకైన్. యాంప్యూళ్లు ప్రిజర్వేటివ్ లేకుండా వస్తాయి. కానీ పొర మీద చల్లితే నెమ్మది, లోతు తక్కువ. స్వరపేటికకి వెళ్లే సుపీరియర్ లారింజియల్ నరం దగ్గర సూదితో బ్లాకుగా ఇస్తేనే దానికి సార్థకత. కిలోకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు. దీన్నీ ముందు చర్మపరీక్ష చేశాకే వాడాలి. బ్యుపివకైన్‌ని గొంతులో చల్లడం మాకు సమ్మతం కాదు. పొర నుంచి రక్తంలోకి వెళ్లి గుండెని పట్టుకుంటే వదలదు.

టెట్రాకైన్ పొర మీద బాగా పనిచేసే ఎస్టర్, అరగంట నుంచి గంట ఉంటుంది. అయితే పనిచేసే డోసుకి, విషమయ్యే డోసుకి మధ్య సందు సన్నం. కంటి చుక్కల సీసా తెచ్చి గొంతులో వాడే ఆలోచన వద్దు, అందులోనూ ప్రిజర్వేటివ్ ఉంటుంది. క్లోరోప్రొకైన్ వెన్నుపూసలో వేసే మత్తుకి ఇప్పుడు దొరుకుతోంది. పొర మీద మాత్రం దానికి పట్టు లేదు.

బెంజోకైన్, ప్రిలోకైన్ గురించి ఒకే మాట: శ్వాసమార్గంలో వద్దు. రెండూ రక్తంలో మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్ మొయ్యలేని హిమోగ్లోబిన్) పెంచుతాయి. సాచురేషన్ 85 దగ్గర ఆగిపోతుంది, ఆక్సిజన్ ఎంత పెంచినా కదలదు, సిరంజిలోకి తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. విరుగుడు మిథిలీన్ బ్లూ, కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు, 5 నిమిషాల్లో. కానీ జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లకి అదే విషం, రక్తకణాలు పగిలిపోతాయి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే ఏజెన్సీ పేషెంట్లలో ఈ లోపం ఉండొచ్చని మనసులో పెట్టుకునే నడవాలి. డాప్సోన్ (కుష్ఠుకి ఇచ్చే మందు) వాడేవాళ్లకి మెథిమోగ్లోబిన్ ముందే కొంత పెరిగి ఉంటుంది.

రెండు కుటుంబాలూ పనికిరానప్పుడు పుస్తకాల్లో కనిపించే పేరు డైఫెన్‌హైడ్రమిన్, నిజానికి అలర్జీ తగ్గించే మందు. ఎంఎల్‌కి 50 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌లో 1 ఎంఎల్‌కి 4 ఎంఎల్ సెలైన్ కలిపితే 1% అవుతుంది. తిమ్మిరెక్కిస్తుంది, మంటా పుట్టిస్తుంది, నిద్రా తెస్తుంది. చిక్కగా వాడితే కణజాలం చచ్చిపోతుంది. మన దగ్గర చేతికందేది ఫెనిరామిన్, అంటే అవిల్. రెండూ ఒక జాతే కదా అని అవిల్‌ని గొంతులో చల్లకూడదు, అది తిమ్మిరి మందుగా నిరూపణ అయినది కాదు.

ఇక మిగిలింది లోకల్ లేకుండా పని కానివ్వడం. గ్లైకోపైరోలేట్ 0.2 మిల్లీగ్రాములు ముందే ఇచ్చి నోరు ఆరబెట్టి, మగత తెచ్చే డెక్స్‌మెడిటోమిడిన్ కిలోకి 1 మైక్రోగ్రాము 10 నిమిషాల్లో, అవసరమైతే కెటామిన్ కిలోకి 0.25 మిల్లీగ్రాముల చొప్పున కొంచెం కొంచెంగా. ఊపిరి తనంతట తాను ఆడుతూ ఉండాలి. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: స్వరపేటిక తిమ్మిరెక్కలేదు, స్కోపు తగలగానే బిగుసుకోవచ్చు. అందుకే ఈఎన్‌టీ సర్జన్ చేతులు కడుక్కుని పక్కనే నిలబడి ఉండాలి, ఫోనుకి అందుబాటులో ఉంటే చాలదు.

వేరే మందు పడదంటే

పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ పడనివాళ్లకి లిగ్నోకైన్‌తో ఏ సంబంధమూ లేదు. రొయ్యలు, పీతలు పడనివాళ్లకీ లేదు. ఫిషింగ్ హార్బరు ఊళ్లో ఈ మాట తరచూ వినబడుతుంది గనుక చెబుతున్నాం. డైక్లోఫెనాక్ వేసుకుంటే ఆయాసం వచ్చేవాళ్లకి లిగ్నోకైన్ సరే, కానీ వాళ్ల శ్వాసనాళాలు ముట్టుకుంటే బిగుసుకునే రకం, కాబట్టి ముందు సాల్బుటమాల్ నెబ్యులైజేషన్. ఆస్తమాలో నెబ్యులైజ్ చేసిన లిగ్నోకైన్ కూడా మొదట కొంత బిగింపు తేవచ్చు. తలకి వేసే నల్లరంగు పడక మొహం వాచినవాళ్లకి, సల్ఫా మాత్రలు పడనివాళ్లకి ఎస్టర్లు మానెయ్యడం మంచిది, వాటి నిర్మాణం ఒకే పోలిక. క్లోర్‌హెక్సిడిన్ పడనివాళ్లకి మెడ మీద గుచ్చే ముందు పొవిడోన్ అయొడిన్‌తో తుడవండి.

ఒక లెక్క

అంగిట్లో పుండుతో, నోరు ఒకటిన్నర వేలు మాత్రమే తెరుచుకునే పెద్దావిడ. కొవ్వు లేని బరువు 50 కిలోలు. పంటి దగ్గర సూదికి పెదవి వాచి దద్దుర్లు వచ్చిన చరిత్ర ఉంది, ప్రిజర్వేటివ్ లేని లిగ్నోకైన్‌తో పరీక్ష నెగటివ్. హద్దు 50 × 9 = 450 మిల్లీగ్రాములు, మనం పెట్టుకునేది 350.

20 ఎంఎల్ 2% ట్రేలో పెట్టి, పక్కన తెల్ల టేపు మీద లెక్క రాసుకుంటూ పోవాలి. ముక్కులో గాజుగుడ్డ వత్తి మీద 3 ఎంఎల్, 60 మిల్లీగ్రాములు. 10% స్ప్రే వాడం, దానికి బదులు 20 గేజీ కాన్యులాని (సన్నటి ప్లాస్టిక్ గొట్టం) త్రీవేతో (మూడు దారుల మర) ఆక్సిజన్ గొట్టానికి తగిలించి, నిమిషానికి 2 నుంచి 4 లీటర్లు పెట్టి, సిరంజితో చుక్కచుక్కగా తోస్తే మందు పొగమంచులా వెళ్తుంది. అలా నాలుక మొదలు, టాన్సిళ్ల గోడలకి 6 ఎంఎల్, ఆవిడ ఊపిరి లోపలికి తీసినప్పుడే తొయ్యాలి, 120 మిల్లీగ్రాములు. మెడలో గడ్డ లేదు, రక్తం గడ్డకట్టే గుణం బాగుంది కాబట్టి క్రికోథైరాయిడ్ పొర (మెడ ముందు, స్వరపేటిక దగ్గరి పొర) గుండా 4 ఎంఎల్, 80 మిల్లీగ్రాములు. గాలి బుడగ వచ్చాకే తొయ్యాలి, తోసిన క్షణం ఆవిడ దగ్గుతుంది, సూదిని ముందే తీసి కాన్యులా మాత్రమే ఉంచాలి. ఇప్పటికి 260. స్కోపు దిగుతూ 1% ని 2 ఎంఎల్ చొప్పున మూడుసార్లు, 60. మొత్తం 320.

తొందరపడితే చెడేది ఇక్కడే. చల్లి నిమిషానికే స్కోపు పెడితే దగ్గుతుంది, దగ్గింది కదా అని మళ్లీ చల్లుతారు, లెక్క దాటిపోతుంది. గడియారం చూసుకుని 5 నిమిషాలు ఆగడం అదనపు డోసు కన్నా బాగా పనిచేస్తుంది.

టేబులు మీద తేడా వస్తే

"గొంతు పట్టేసినాది బాబూ, ఊపిరి ఆడట్లేదు" అని పేషెంటు చేత్తో సైగ చేస్తే అలర్జీ అని ఉలిక్కిపడొద్దు. గొంతు తిమ్మిరెక్కాక గాలి వెళ్తున్నట్టు, గుటక పడుతున్నట్టు తెలియదు, అందుకే అలా అనిపిస్తుంది. మాట్లాడించండి. గొంతు స్పష్టంగా ఉండి, ఈల లాంటి శబ్దం లేక, చర్మం మీద ఏమీ లేక, బీపీ నిలకడగా ఉంటే ధైర్యం చెప్పండి. అలాగే డోసు ఎక్కువైనప్పుడు మొదట కనిపించే నాలుక తిమ్మిరి ఇక్కడ పనికిరాని గుర్తు, నాలుకకి మందు మనమే పూశాం. చెవుల హోరు, ఉన్నట్టుండి వదరుబోతుతనం, కనురెప్పల అదురు చూడాలి. మత్తు ఎక్కువిచ్చి నిద్రపుచ్చితే ఇవీ కనబడవు.

దద్దుర్లు, పిల్లికూతలు, బీపీ పతనం కలిసి వస్తే అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, అంటే 1:1000 యాంప్యూల్‌లో సగం, తొడ బయటి కండలోకి. 5 నిమిషాలకి మళ్లీ. అడ్రినలిన్ యాంప్యూల్‌లోనూ సల్ఫైట్ ఉంటుంది, ఆ కారణంతో ఆగకూడదు. రక్తంలో ట్రిప్టేజ్‌కి (అనాఫిలాక్సిస్‌లో పెరిగే ఎంజైమ్) నమూనా 1 నుంచి 2 గంటలకి ఒకటి, 24 గంటలు దాటాక ఇంకొకటి. రెండోది లేకపోతే మొదటిదానికి అర్థం లేదు.

ఫిట్స్ వచ్చి, గుండె లయ తప్పితే అది విషప్రభావం: 20% లిపిడ్ ఎమల్షన్ (సిరలోకి ఎక్కించే కొవ్వు ద్రవం) కిలోకి 1.5 ఎంఎల్. 50 కిలోలకి 75 ఎంఎల్, ఒక నిమిషంలో, తర్వాత గంటకి కిలోకి 15 ఎంఎల్ చొప్పున. ఆ సీసా స్టోరు గదిలో కాదు, మీరు పనిచేస్తున్న గది బీరువాలోనే ఉందో లేదో మొదలుపెట్టే ముందు చూసుకోండి.

పని అయ్యాక రెండు గంటలు, గుటక సరిగ్గా పడేదాకా, నీళ్లు కూడా ఇవ్వకూడదు. టీ తాగిస్తే తేరుకుంటుందని ఇంటివాళ్లు ఫ్లాస్కు పట్టుకుని బయటే నిలబడి ఉంటారు, వాళ్లకి మంచి మాటతో ముందే చెప్పాలి.

ఇంటికి పంపేటప్పుడు చీటీ తెలుగులో కూడా రాయండి. "జైలోకైన్ అలర్జీ లేదు" అని రాస్తే తర్వాతి చోట పారాబెన్ సీసా వాడేస్తారు. "ప్రిజర్వేటివ్ లేని, అడ్రినలిన్ కలపని 2% లిగ్నోకైన్‌తో ఫలానా తేదీన పరీక్షించాం, చర్మం కింద 1 ఎంఎల్ దాకా ఏమీ రాలేదు. శ్వాసమార్గంలో 320 మిల్లీగ్రాములు వాడాం, ఏమీ రాలేదు. మిథైల్ పారాబెన్ ఉన్నది పరీక్షించలేదు, వాడొద్దు." ఈ మూడు వాక్యాల చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆరోగ్యశ్రీ కార్డుతో కలిపి ఉంచమని చెప్పండి.